క్వేఫ్ ఏటీబీ డిఫరెన్షియల్ రివ్యూ: మా 330ఐకి లోపలి వెనక చక్రం గిర్రున తిరగడం తగ్గిందా?

ముందే చెప్పేస్తా, ఐదుకి నాలుగు స్టార్లు. తగ్గిన ఆ ఒక్కటీ ఎందుకో కింద ఉంది, అది చదవకుండా మాత్రం ఆర్డర్ పెట్టొద్దు. డిఫరెన్షియల్ అంటే ఇంజిన్ పవర్‌ని రెండు వెనక చక్రాలకీ పంచుతూ, మలుపుల్లో అవి వేరువేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్ల పెట్టె. కంపెనీది తీసేసి దాని స్థానంలో నేను పెట్టించిందే క్వేఫ్ వాళ్ళ ఏటీబీ (ఆటోమేటిక్ టార్క్ బయాసింగ్).

కారు 2002 బీఎమ్‌డబ్ల్యూ 330ఐ, ఈ46 బాడీ, సెడాన్, ఫైవ్ స్పీడ్ మాన్యువల్, మూడు లీటర్ల స్ట్రెయిట్ సిక్స్, 225 హార్స్‌పవర్. మేం ఉండేది ఫ్రీమాంట్‌లో. ఆఫీసుకీ పిల్లల స్కూలుకీ వేరే బండి ఉంది, ఇది పూర్తిగా నా పిచ్చి కోసం పెట్టుకున్నది, క్రోస్ ల్యాండింగ్‌లో పాత ఎయిర్‌ఫీల్డ్ మీద కోన్లు పెట్టి ఆటోక్రాస్ నడుపుతారు కదా అక్కడికి, వీలు దొరికితే లగూనా సెకా, థండర్‌హిల్ రేస్ ట్రాకులకి. ఇంట్లో ఈ కారు పేరెత్తితే మా ఆవిడ మొహం ఎలా పెడుతుందో మీకు చెప్పక్కర్లేదు.

సమస్య ఏంటంటే స్లో కార్నర్‌లోంచి బయటకొస్తూ యాక్సిలరేటర్ తొక్కితే కారు ముందుకి పోదు, లోపలి వైపు వెనక చక్రం గిర్రున తిరుగుతుంది, ఆర్‌పీఎమ్ ఎటో వెళ్ళిపోతుంది, సౌండ్ చూస్తే రాకెట్టు, నడక చూస్తే ఎద్దుబండి. లగూనా సెకా ట్రాక్ 2.238 మైళ్ళు, 11 టర్నులు, ఆ ఆఖరి 11వది మహా స్లో, ఎడమకి తిరిగేది, నాకు సెకండ్ గేర్, దాంట్లోంచి బయటపడగానే స్టార్ట్ ఫినిష్ స్ట్రెయిట్. అక్కడ ఎగ్జిట్‌లో పోగొట్టుకున్న స్పీడు ఆ స్ట్రెయిట్ అయ్యేదాకా తిరిగి రాదు, నాకన్నా ఎంతో తక్కువ పవరున్న చిన్న మాజ్డా మియాటా కారు గాడు అద్దంలో మెల్లగా పెద్దవుతూ ఉంటాడు, వాడికి దారివ్వడానికి కిటికీలోంచి చెయ్యి చూపించాల్సి రావడం అంత అవమానం ఇంకోటి లేదు.

ట్రాక్షన్ కంట్రోల్ ఉంది కదా అంటారా, అది ఆన్‌లో పెడితే ఇంకో రకం బాధ. తిరిగే చక్రానికి బ్రేక్ వేస్తుంది, ఇంజిన్ పవర్ కోసేస్తుంది, మనం తొక్కుతూనే ఉంటాం కారు మాత్రం ఆలోచించుకుంటూ ఉంటుంది. రోడ్డు మీద వానలో ప్రాణం కాపాడే సంగతి అది, కాదనను, కానీ ట్రాక్ మీద సెషన్ అంతా అలా బ్రేకులు వేస్తూపోతే వెనక ప్యాడ్లు కాగిపోతాయి.

ఈ గోల ఊళ్ళో నాన్నగారితో ఫోన్‌లో చెప్తే "లాక్ లేదేంట్రా ఆ కారుకి, మన ట్రాక్టర్‌కి ఉందిగా" అన్నారు. కరెక్టే మరి. దమ్ము చేసేటప్పుడు ఒక చక్రం బురదలో దిగబడి ఊరికే తిరుగుతుంటే కాలి దగ్గర డిఫరెన్షియల్ లాక్ పెడల్ తొక్కుతాం, రెండు చక్రాలూ కలిసి తిరిగి బండి బయటికొస్తుంది, మళ్ళీ గట్టు దగ్గర తిప్పే ముందు కాలు తీసేయాలి లేకపోతే తిరగనంటుంది. కారుకి కావాల్సింది కూడా దాదాపు అదే, కాకపోతే ఎవరూ తొక్కక్కర్లేకుండా, పూర్తిగా బిగుసుకుపోకుండా, ఎంత కావాలో అంతే పట్టుకోవాలి. అదే ఎల్ఎస్‌డీ, లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్. ఈ46ల్లో ఎమ్3కి కంపెనీ నుంచే వచ్చింది, మాలాంటి మామూలు 330ఐ వాళ్ళకి ఓపెన్ డిఫరెన్షియలే గతి.

ఓపెన్ దాంట్లో జరిగేది ఏంటంటే రెండు చక్రాలకీ టార్క్ (తిప్పే బలం) సమానంగా పంచేస్తుంది. వినడానికి న్యాయంగానే ఉంది కదా. కానీ కార్నర్‌లో బరువంతా బయటి చక్రాల మీదకి ఒరుగుతుంది, లోపలి టైరు నేలకి ఊరికే ఆనుకుని ఉంటుంది. దాని పట్టు 100 అనుకోండి, బయటిదానికి 400 మోసే సత్తా ఉన్నా దానికీ వెళ్ళేది ఆ 100 మాత్రమే, మొత్తం కలిపి 200, ఇంకొంచెం తొక్కితే అదనపుదంతా లోపలి టైరు పొగ కింద పోతుంది. క్వేఫ్ లాంటి హెలికల్ (వంకర పళ్ళ) గేర్ల డిఫరెన్షియల్‌కి టార్క్ బయాస్ రేషియో అని ఒకటుంటుంది, అది 2.5 అనుకుంటే లోపలి చక్రం ఎంత మోయగలదో దానికి రెండున్నర రెట్లు బయటిదానికి పంపగలదు. అంటే 100కి తోడు 250, మొత్తం 350. ఇంజిన్ అదే, టైర్లు అవే, డ్రైవర్ కూడా ఆ దరిద్రుడే.

లోపల క్లచ్ ప్లేట్లు ఏమీ ఉండవు. వంకర పళ్ళ చిన్న గేర్లు జతలు జతలుగా గూళ్ళలో కూర్చుని ఉంటాయి, లోడ్ పడగానే అవి గూటి గోడలకీ చివర్లకీ నొక్కుకుని రాపిడి పుట్టిస్తాయి, ఎంత తొక్కితే అంత రాపిడి, కాలు తీస్తే వదిలేస్తాయి. కొత్త ఐడియా కూడా కాదు, ఇదే కుటుంబానికి చెందిన టోర్సెన్‌కి వెర్నన్ గ్లీస్‌మన్ అనే అమెరికన్‌కి 1958లోనే పేటెంట్ వచ్చింది, మిలిటరీ హమ్వీల్లో ఉన్నవి ఆ టోర్సెన్‌లే. క్వేఫ్ వాళ్ళది ఇంగ్లాండ్‌లో కెంట్, 1965లో మొదలైన కంపెనీ. ఏటీబీకి లైఫ్‌టైమ్ వారంటీ ఇస్తారు, రేసుల్లో వాడినా సరే. నేను ఇదే తీసుకోడానికి సగం కారణం ఆ వారంటీ, మిగతా సగం అరిగిపోయే ప్లేట్లు లేకపోవడం.

ఇప్పుడు అసలు సంగతి. ఇది చదివేవాళ్ళలో చాలామందికి డిఫరెన్షియల్ కొనే అవసరమే రాకపోవచ్చు, ముందు చేయాల్సినవి వేరే ఉన్నాయి, అవి చెయ్యకుండా ఇది పెట్టించుకుంటే ఇచ్చిన డబ్బుకి సగం పనే చేస్తుంది.

అందరికీ తెలిసింది టైర్లు. ఆల్ సీజన్ తీసేసి 200 ట్రెడ్‌వేర్ (త్వరగా అరిగినా బాగా పట్టే మెత్తటి రకం) వేశా, నాలుగు మూలలా 245/40 17 సైజు. ఎగ్జిట్‌లో పట్టు బ్రహ్మాండంగా పెరిగింది కానీ ఒక తిరకాసు ఉంది, పట్టు పెరిగితే కార్నర్‌లో స్పీడు పెరుగుతుంది, స్పీడు పెరిగితే బరువు ఇంకా ఎక్కువ బయటికి ఒరుగుతుంది, లోపలి చక్రం ఇంకా తేలిపోతుంది. అంటే టైరు ఎంత మంచిదైతే ఓపెన్ డిఫరెన్షియల్ జబ్బు అంత బయటపడుతుంది. ప్రెషర్ సంగతి చెప్పక్కర్లేదనుకుంటా, వేడెక్కాక చూసి వెనక కొంచెం తగ్గించుకోండి.

తర్వాత స్వే బార్లు, అంటే కారు ఒరగకుండా ఎడమ కుడి చక్రాలని కలిపే కడ్డీలు. దీని దగ్గరే జనం బోల్తా పడతారు. బీఎమ్‌డబ్ల్యూ ముందుకి తోసుకుపోతోంది, అంటే అండర్‌స్టీర్, కాబట్టి వెనక లావు బార్ వేసెయ్ అని అందరూ సలహా ఇస్తారు, కారు చక్కగా తిరుగుతుంది కూడా, కానీ ఆ బార్ చేసే పనేంటంటే బయటి చక్రం బాడీ వైపు పైకి నొక్కుకున్నప్పుడు లోపలి చక్రాన్ని కూడా దాంతోపాటు పైకి లాగుతుంది. ఆల్రెడీ బరువు లేక ఏడుస్తున్న చక్రాన్ని పైకి లాగితే అది బండిని ఏం తోస్తుంది? రియర్ వీల్ డ్రైవ్‌కి ఎగ్జిట్‌లో పట్టు కావాలంటే ముందు బార్ లావు చేసి వెనక కంపెనీదే ఉంచాలి. ఒరుగుడు ముందు వైపు ఆపుతుంది, దాంతో ముందు లోపలి చక్రం తేలిపోతుంది, తేలనీయండి, అది డ్రైవ్ చేసే చక్రం కాదు కదా. నేను ముందు బార్ మార్చి వెనకది ముట్టుకోలేదు, ఒక్క ఆ మార్పుకే టర్న్ 11లో కాలు కాస్త ముందు ఆనించగలిగా.

షాక్ అబ్జార్బర్ల రీబౌండ్ (నొక్కుకున్న చక్రం తిరిగి కిందికి దిగేటప్పటి బిగువు) కూడా ఇదే లెక్క. వెనక రీబౌండ్ మరీ గట్టిగా బిగిస్తే చక్రం కిందికి జారాల్సిన టైమ్‌లో జారదు, గాల్లో వేలాడుతుంది. కొద్దిగా వదులు చేస్తే టైరు నేలని వెతుక్కుంటూ వెళ్తుంది. ఇక ఈ46 వాళ్ళకి ప్రత్యేకం, వెనక ట్రైలింగ్ ఆర్మ్ (చక్రాన్ని బాడీకి కలిపే చేయి) రబ్బరు బుషింగులు చూసుకోండి, ఇరవై ఏళ్ళు దాటిన కార్లు, రబ్బరు చచ్చిపోయి ఉంటుంది, కాలు తొక్కినప్పుడు ఒక యాంగిల్ తీసినప్పుడు ఒక యాంగిల్ అన్నట్టు వెనక చక్రం టో (అది చూసే దిశ) మారిపోతూ ఉంటుంది, డ్రైవర్‌కి మాత్రం కారు వెనక ఎవరో తోస్తున్నట్టు అనిపిస్తుంది. బుషింగులు పెద్ద ఖరీదు కూడా కాదు.

ఇవన్నీ అయ్యాక కూడా సెకండ్ గేర్ కార్నర్లలో లోపలి చక్రం తిరుగుతూనే ఉంది, అప్పుడు పెట్టా ఆర్డర్.

ఫిట్టింగ్ కథ. మొదట అడిగిన షాపు (పేరెందుకులెండి) సరే అన్నారు, కారు దింపాక మేం డిఫరెన్షియల్ విప్పం, మొత్తం యూనిట్ కొని తెస్తే మార్చి బిగిస్తాం అన్నారు, మరి ఫోన్‌లో అడిగినప్పుడు నోట్లో ఏం పెట్టుకున్నారో. రెండో షాపు డిఫరెన్షియల్స్ పని మాత్రమే చేసే పెద్దాయనది, చిన్న గరాజ్, ఆయన ఒప్పుకున్నాడు, చూస్తానంటే స్టూల్ కూడా వేశాడు. ఎగ్జాస్ట్ దించి, ప్రొపెల్లర్ షాఫ్ట్, రెండు యాక్సిల్ షాఫ్టులు ఊడదీసి యూనిట్ కిందికి దించడం పెద్ద పనేం కాదు, జాక్ స్టాండ్లూ ఓపికా ఉంటే ఇంట్లో కూడా చేసుకోవచ్చు. అసలు పని ఆ తర్వాతే. పాత డిఫరెన్షియల్ మీదనుంచి క్రౌన్ వీల్ అనే పెద్ద పళ్ళ చక్రం విప్పి కొత్తదానికి ఎక్కించాలి, కొత్త బేరింగులు కొట్టాలి, ఆపైన దాన్ని తిప్పే చిన్న గేరు పినియన్ పళ్ళకీ క్రౌన్ పళ్ళకీ మధ్య సందు వెంట్రుకవాసి లెక్కలో షిమ్‌లు (పల్చటి రేకులు) పెట్టి సరిచెయ్యాలి. ఆయన క్రౌన్ పళ్ళు నాలుగైదింటికి బ్రష్‌తో పసుప్పచ్చ పేస్టు పూశాడు, చేత్తో మెల్లగా అటూ ఇటూ తిప్పాడు, పినియన్ రాసుకున్న చోట పేస్టు లేచిపోయి లోహం మెరుస్తూ గుడ్డు ఆకారంలో ముద్ర పడింది. మొదటిసారి ఆ గుడ్డు పన్ను అంచువైపుకి జరిగి ఉంది, తల అడ్డంగా ఊపి మొత్తం విప్పి షిమ్ మార్చి మళ్ళీ పూశాడు. ముద్ర పన్ను మధ్యలోకి వచ్చేదాకా అదే పని. డయల్ గేజ్ పెట్టి బ్యాక్‌లాష్ (ఆ పళ్ళ మధ్య సందు) కూడా నాకు చూపించి రాసిచ్చాడు. ఇది కుదరకపోతే హైవే ఎక్కగానే వెనకనుంచి సన్నగా ఊళ మొదలౌతుంది, ఇక అది ఆగదు, గేర్లు తినేస్తుంది. మన దగ్గర లారీ మెకానిక్కులు క్రౌన్ పినియన్ పనికి వేరే మనిషిని పిలిపిస్తారు చూడండి, ఊరికే కాదు.

నేను కట్ చేసిన స్టార్ దీనికే. పార్ట్ బంగారం, కానీ పార్టూ బేరింగులూ సీళ్ళూ లేబరూ కలిపితే రెండు వేల డాలర్లు దాటింది, పైగా చేసే మనిషి దొరకాలి. డిఫరెన్షియల్ కిందికి దించినప్పుడే వెనక సస్పెన్షన్ మోసే సబ్‌ఫ్రేమ్ బోల్టు అయ్యే చోట ఫ్లోర్ షీట్ పగుళ్ళున్నాయేమో టార్చ్ వేసి చూపించమనండి, ఈ46లకి ఆ జబ్బు ఉందని ఈ కార్లు వాడే అందరికీ తెలుసు, రెండు చక్రాలూ గట్టిగా తోయడం మొదలుపెడితే ఆ చోటుకి ఇంకా పని పడుతుంది. నాది బాగానే ఉంది, అయినా రీఇన్‌ఫోర్స్‌మెంట్ ప్లేట్లు వెల్డ్ చేయించా.

ఇక నడపడం. రోడ్డు మీద తేడా ఏమీ తెలీదు, నిజంగా ఏమీ తెలీదు, కాస్ట్కోలో పార్కింగ్ తిప్పేటప్పుడు కటకటలు లేవు, చప్పుడు లేదు, డబ్బంతా ఎక్కడికి పోయిందా అని డౌటొస్తుంది. క్రోస్ ల్యాండింగ్ వెళ్ళాక తెలిసింది. కోన్ చుట్టూ యూటర్న్ కొట్టి బయటకొచ్చే చోట ఇంతకుముందు నా కారు నేల మీద ఒకటే నల్లగీత గీసేది, లోపలి టైరుది. ఇప్పుడు రెండు గీతలు, రెండూ లేతగా, మధ్యలో కారు వెడల్పు సందు. నాతో పాటు అదే కారు నడిపే మా ఫ్రెండు దిగొచ్చి "మామా ఇది వేరే కారు రా" అన్నాడు, వాడు నా కారుని పొగడడం అదే మొదలు.

టర్న్ 11లో ఇంతకుముందు స్టీరింగ్ దాదాపు నేరుగా అయ్యేదాకా ఆగి తొక్కేవాణ్ణి, ఇప్పుడు ఎపెక్స్ (మలుపు లోపలి అంచుకి కారు బాగా దగ్గరయ్యే చోటు) దాటగానే కాలు ఆనించి స్టీరింగ్ విప్పుతూ విప్పుతూ నొక్కుకుంటూ పోతే కారు నడుం వంచి తోస్తుంది, ఇంజిన్ సౌండూ స్పీడూ ఒకదానితో ఒకటి కలిసే పెరుగుతాయి. అయితే స్టీరింగ్ తిప్పే ఉంచి తొక్కితే మాత్రం ఇది ముక్కుని బయటికి తోసేస్తుంది, వెనక రెండూ కలిసి నేరుగా పోదామంటాయి కదా. లేట్ ఎపెక్స్ తీసుకోవాలి, స్టీరింగ్‌కీ కాలి బొటనవేలికీ మధ్య దారం కట్టినట్టు ఒకటి విప్పుతుంటేనే ఇంకోటి కిందికి దిగాలి అని ట్రాక్ స్కూల్లో చెప్పే పాఠమే, ఓపెన్ డిఫరెన్షియల్‌తో ఆ పాఠం వినకపోయినా నడిచిపోతుంది, దీంతో నడవదు.

ఇంకోటి ఎవరూ చెప్పరు. ఓపెన్ డిఫరెన్షియల్ ఒకరకంగా సేఫ్. లోపలిది పిచ్చిగా తిరుగుతున్నా బయటి టైరు పక్కకి జారకుండా కారుని పట్టుకుని ఉంటుంది, అందుకే తోక బయటికి రాదు. ఇప్పుడు రెండూ కలిసి పని చేస్తాయి, హద్దు దాటితే రెండూ కలిసే వదిలేస్తాయి, అప్పుడు తోక వస్తుంది, బాగా వస్తుంది. వానలో హైవే 17 మీద ట్రాక్షన్ కంట్రోల్ ఆఫ్ చేసి హీరోయిజం చేయొద్దు.

దీని బలహీనత కూడా చెప్పాలి, హెలికల్ రకం అన్నిటికీ ఉన్నదే. పైన లెక్క చూశారుగా, లోపలి చక్రం పట్టుకి రెండున్నర రెట్లు. చక్రం పూర్తిగా గాల్లోకి లేస్తే దాని పట్టు సున్నా, సున్నాని రెండున్నరతో గుణించినా సున్నాయే, మళ్ళీ ఓపెన్ దానిలాగే గిర్రుమంటుంది. థండర్‌హిల్‌లో సైక్లోన్ అని పిలిచే టర్న్ 5 ఉంది, పైకెక్కి అవతల ఏముందో కనపడకుండానే తిప్పి కిందికి దూకాలి, అక్కడ కారు తేలిపోయినప్పుడు ఒక్క క్షణం పాత ఏడుపు వినిపిస్తుంది. ట్రాక్ అంచు కర్బులు ఎక్కి దూకే అలవాటున్నా ఇదే. ఎడమ కాలితో బ్రేక్ చిన్నగా తాకిస్తే తేలిన చక్రానికి కాస్త అడ్డు దొరికి బయటిదానికి టార్క్ వెళ్తుంది, హమ్వీ డ్రైవర్లకి నేర్పేది ఈ ట్రిక్కే, కానీ ల్యాప్ టైమ్ కోసం నడిపేటప్పుడు అదంతా ఎవడు చేస్తాడు. వెనక బార్ సన్నగా ఉంచండి, రీబౌండ్ వదులు చేయండి అని పైన అంత సోది చెప్పింది ఇందుకే, చక్రం నేలకి ఆని ఉంటేనే ఈ డిఫరెన్షియల్‌కి చేతులుంటాయి.

మరీ గట్టి స్ప్రింగులు వేసుకుని పూర్తిగా రేసుకే నడిపేవాళ్ళు క్లచ్ ప్లేట్ల రకం చూసుకోండి, ఓఎస్ గికెన్, కాజ్ లాంటివి. వాటికి ప్రీలోడ్ (ముందే పెట్టిన బిగువు) ఉంటుంది, చక్రం గాల్లో ఉన్నా పట్టుకుంటుంది, ర్యాంప్ యాంగిల్ మార్చి బ్రేకింగ్‌లో ఎంత బిగుసుకోవాలో కూడా సెట్ చేసుకోవచ్చు. బదులుగా ఆయిల్ త్వరత్వరగా మార్చాలి, ప్లేట్లు అరిగితే రీబిల్డ్, పార్కింగ్‌లో కటకటలు. డిఫరెన్షియల్ వెల్డింగ్ చేసి పడేసే డ్రిఫ్ట్ పిల్లల దారి మాత్రం ఇంట్లోవాళ్ళు ఎక్కే కారుకి వద్దు, మలుపు మలుపుకీ టైర్లు కీచుమంటాయి. నా క్వేఫ్‌కి మాత్రం మామూలు 75డబ్ల్యూ-90 సింథటిక్ గేర్ ఆయిల్ చాలు, ఫ్రిక్షన్ మోడిఫయర్ కలపక్కర్లేదు.

ఆటోక్రాస్ వాళ్ళకి ఒక మాట. పోటీలు నడిపే ఎస్‌సీసీఏ (స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా) వాళ్ళ స్ట్రీట్ కేటగిరీలో డిఫరెన్షియల్ మార్చడానికి ఒప్పుకోరు, ఇది పెట్టగానే మార్పులు ఎక్కువ ఒప్పుకునే స్ట్రీట్ టూరింగ్ వైపు వెళ్ళిపోతారు, అక్కడ మీ పక్కన నిలబడేవాళ్ళు స్ప్రింగులూ వీల్సూ ట్యూనూ అన్నీ మార్చుకుని వచ్చినవాళ్ళు. ఈ సీజన్‌లో ట్రోఫీ మీద ఆశ ఉంటే సీజన్ అయ్యాక బిగించుకోండి.